తన ఇంటి తలుపు తట్టిన అత్త

ఆ ఉదయం కాఫీ గ్లాసు మీద మూత అలాగే ఉంది. పక్కింటి అత్త కొడుకు ఆ గ్లాసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. "తట్టినాను. అమ్మ తియ్యల్యా," అన్నాడు. మా నాన్న వెళ్లి ఆమె గది తలుపు తోశాడు. అత్త నిద్రలోనే పోయింది.

ఆమె కొడుక్కి నలభై దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో తేడా ఉంది. తన తర్వాత అతను ఎక్కడ ఉండాలి? చాలా ఏళ్లు ఆమెకు అదే ఆలోచన.

ఒకసారి అలాంటివాళ్లు ఉండే హాస్టల్ చూడటానికి తుమకూరుకు నన్ను తోడు తీసుకెళ్లింది. శుభ్రమైన గదులు, మంచి మనుషులు. నాకు నచ్చింది. అత్త ఒకటే అడిగింది, ఎవరైనా వస్తే తలుపు ఎవరు తీస్తారని. వాచ్‌మన్ తీస్తాడన్నారు.

తిరుగు బస్సులో, "అంతా బాగుండాది పాపా. కానీ తలుపు తీసేది ఇంటోళ్లు గదా. ఆడ మావాడు ఇంటోడు కాలేడు," అంది.

కొడుకును పంపలేదు. తనే ఇల్లు విడిచింది. అతనిలాంటి మరో ఇద్దరిని, వాళ్ల ఇళ్లవాళ్లతో మాట్లాడి, ఆ ఇంట్లోకి తెచ్చింది. వంటకూ తోడుకూ ఒకామెను పెట్టింది. వల్లూరులో మా అందరి చేలలాగే ఆమె చేనూ సోలార్ ప్యానెళ్ల కిందికి పోయింది. వీధికి ఇవతల, మా ఇంటి పక్కన, ఆమె వేరుశనగ మూటలు దాచుకునే కొట్టు దాంతో ఖాళీ అయింది. అందులో మంచం వేసుకుంది.

మొదట్లో కొడుకు ఆ ఇంటి గడపలో నిలబడి అమ్మా అని అరిచేవాడు. ఆమె బయటికి వచ్చేది కాదు. నేను తట్టుకోలేక అడిగాను.

"నేను బతికుండంగనే నేను లేని రోజులు వానికి అలవాటు చేయాల పాపా. సచ్చినాక నేర్పేదానికి రాలేను గదా," అని నవ్వింది.



మా ఊళ్లో పగలు ఎవరూ తలుపు తట్టరు. పిలుస్తూ లోపలికి పోతాం. అత్త మాత్రం రోజూ సాయంత్రం తన ఇంటి తలుపు తానే తట్టి, కొడుకు వచ్చి తీసేదాకా నిలబడేది.

"ఏందక్కా, నీ ఇంటికి నువ్వే చుట్టమైతివా?" అని దారిన పోయేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"అవునప్పా. కాఫీ బాగుంటాది, నువ్వు గూడా తట్టి రా."

ఆ కాఫీ కొడుకే పెట్టేవాడు. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. తర్వాత పొద్దున్నే గ్లాసు మీద మూత పెట్టి ఆమెకూ తెచ్చేవాడు. ఆమె తలుపు తట్టి నిలబడేవాడు.

దినాలకు నిడుగల్లు నుంచి అత్త తమ్ముడు వచ్చాడు. "ఇంక మా ఇంటికి పోదాం రాప్పా. ఒక్కడివే ఈడేం చేస్తావు?" అన్నాడు.

కొడుకు తలుపు వైపు చూశాడు. "నేనొస్తే ఈడ తలుపు ఎవురు తీస్తారు?" అన్నాడు.

అంతలో ఎవరో తట్టారు. లేచి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం అత్త గది ఊడ్చడానికి వెళ్లాను. ఆ కొట్టుకు కిటికీ లేదు. మంచం మీద తల పెట్టుకునే చోట గోడలో ఒక ఇటుక తీసి ఉంది. అందులోంచి ఎదురుగా ఆమె ఇంటి తలుపు కనిపిస్తుంది.