దూలాల కింద లేని పేరు

ఎల్బీనగర్‌లో ఒక కాంప్లెక్సు మూడో అంతస్తున ఉన్న పబ్బులో, మా కొత్తపేట వడ్రంగి వడ్ల బ్రహ్మయ్య చేసిన దూలాల కింద, 'ఇంగ్లండు పల్లె నుండి తెచ్చిన నాలుగు వందల ఏండ్ల నాటి కట్టడం' అని ఇత్తడి పలక బిగించారు. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం అలా మెరుస్తుండగానే బ్రహ్మయ్య మొన్న గురువారం కన్నుమూశాడు.  వార్త విన్నాక ఇది రాస్తున్నాను.

నేను బడి మొహం ఐదో తరగతి దాకే చూసినవాణ్ణి. కోఠి పేవ్‌మెంటు మీద కొన్న పాత పుస్తకాలే నా గురువులు. ఈ పబ్బు పని వచ్చినప్పుడు, వాటిలోని ఇంగ్లండు పల్లెల ప్రాచీన పానశాలల బొమ్మలు బ్రహ్మయ్యకు చూపింది నేనే. కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూశాడు. "సారూ, గీళ్లు గూడ ఇనుప మేకు గొట్టలే. మన లెక్కనే కట్టె చీలలతోని బిగించిండ్రు. గీళ్లు మన వడ్లోళ్లే!" అన్నాడు. అంతటి సమదృష్టి నేను పండితులలోనూ చూడలేదు.

పబ్బు అలంకరణకు వచ్చిన కోస్తా యువకుడు, "మేస్త్రీగారూ, ఇవి బరువు మొయ్యక్కర్లేదండీ, కనిపిస్తే చాలు" అని సెలవిచ్చాడు.

"మొయ్యనిదాన్ని దూలమంటరా బాబూ? ఉత్తగ ఏలాడనీకె గదేమన్న తోరణమా?"

తుర్కయంజాల్‌లో కూల్చిన పాత ఇంటి టేకు తెచ్చి, చెక్కలోకి చెక్క దూరేలా తొలిచి, పై అటకను నిజంగానే ఆ దూలాల మీద నిలబెట్టాడు. ఎత్తే ముందు పెద్ద దూలానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. మర్నాడే ఆ అలంకరణ ఘనుడు దాన్ని గీకించి నల్లరంగు పూయించాడు. ఇంగ్లండులో దూలాలు నల్లగా ఉంటాయట! అది తరతరాల పొయ్యి పొగ నాయనా అని నేను చెబితే, పొయ్యి కూడా పెట్టించాడు. అందులో టీవీ! టీవీలో మంట! పైన ఏసీ! ఈ మేధస్సుకు కాలేజీ పట్టా ఒకటి.

పలక సంగతి చెబితే బ్రహ్మయ్య నవ్వాడు. "పోనీ సారూ, నాలుగు వందల ఏండ్లు నిలవడ్తదని ఆళ్లే ఒప్పుకున్నరు గద!"

ఆయన నవ్వాడు గాని నేను నవ్వలేదు. ఆ హస్తకౌశలానికి వారసుడు లేడు, ఉలి పట్టే చెయ్యి ఆ వీధిలో మరొకటి లేదు. ఆ దూలాల కింద ఆయన పేరుండాలని పబ్బు యజమానికి మూడు ఉత్తరాలు రాశాను. వెనుకటికి నాగలి పట్టిన ఇంటి బిడ్డే ఆ యజమాని, శ్రమ విలువ తెలుస్తుందనుకున్నాను. నిన్న ఫోన్ చేశాడు.

"కాకా, జర పరేషాన్ గాకు. పేరు పెడతం. గని గాయన సచ్చిపోయింది మొన్న గాదు, నాలుగు వందల ఏండ్ల కింద అని రాస్తం. కస్టమర్లకు ఫీల్ పోవద్దు గద!"