సాసేజీల మీద టమాటా ఖట్టా

మా ఆయన లారీ డ్రైవరు. సాలూరులో వీధికి పదిమంది డ్రైవర్లుంటారు కాబట్టి అది చెప్పుకోదగ్గ విషయమేమీ కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఘాటు రోడ్డెక్కి, ఒడిశా దాటి రాయపూర్ వెళ్ళి, సరుకు దింపి, ఇంకో సరుకు ఎక్కించుకుని వచ్చేవాడు. చివరి కొన్నేళ్ళూ ఐసు బండి నడిపాడు. గడ్డకట్టించిన కోడిమాంసం, రొయ్యలు అట్టపెట్టెల్లో పెట్టి పంపే లారీ అది. రాత్రిళ్ళు ఎదురు లైట్ల వెలుతురికి కళ్ళు తట్టుకోలేకపోవడంతో పోయినేడు స్టీరింగు వదిలేశాడు.

ఆయన ఇంట్లో ఉండటం ఇద్దరికీ అలవాటు లేని పని. నేను పొద్దున్నే ఇంత వండుకుని, రోజంతా కుట్టుమిషను దగ్గర కూర్చునేదాన్ని. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, మలుపు దగ్గర గేరు మార్చే చప్పుడు విని "ఖాళీ బండి", "లోడెక్కువేసీసినాడు" అని తనలో తనే అనుకునేవాడు. ఇద్దరం మంచిగానే ఉన్నాం. కానీ భోజనం పెట్టడం, తినడం అయ్యాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆ మధ్య ఎయిర్ ఫ్రయర్ పంపింది. నూనె లేకుండా వేపుతుందంది. నేను మొదట అప్పడాలు వేశాను. లోపల గాలికి అవి ఎగిరి, పైనున్న ఎర్రటి తీగకి తగిలి, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా వచ్చాయి. దాని మీద గుడ్డ కప్పి పక్కన పెట్టేశాను.

ఒకరోజు కళ్ళ పరీక్షకి విజయనగరం వెళ్ళాం. తిరిగొస్తూ సబ్బులూ పప్పులూ కొందామని పెద్ద కొట్లోకి వెళితే, ఆయన గాజు తలుపు ఫ్రీజర్ ముందు ఆగిపోయాడు.

"ఒసే, ఇటు రా. ఈ బొమ్మ సూడు."

ప్యాకెట్ మీద కోడిపుంజు బొమ్మ ఉంది.

"ఈ బొమ్మ పెట్టెలే నేను మోసింది. లోపలేటుంటాదో ఎప్పుడూ సూళ్ళేదు."

"అన్నేళ్ళు మోసి సూళ్ళేదేటి బావా?" అన్నాను. ఆయన నా మేనత్త కొడుకు. చిన్నప్పటి పిలుపే ఇప్పటికీ.

"సీలేసుంటాది. మనం తీయకూడదు."

అవి చికెన్ సాసేజీలు. ఒక ప్యాకెట్ కొన్నాడు. కరిగిపోకుండా తువ్వాలులో చుట్టి, బస్సులో సాలూరు దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి విప్పితే వేళ్ళలాగా, నున్నగా, పాలిపోయి ఉన్నాయి. ఎలా వండాలో తెలియక రెండింటిని ఎయిర్ ఫ్రయర్ మిషనులో వేసి మీట తిప్పాను. పైన తోలు ఉబ్బి చిట్లింది, లోపల ఇంకా చల్లగానే ఉంది. మళ్ళీ పెట్టాను. ఈసారి గట్టిపడ్డాయి. ఆయన ఒకటి కొరికి, నిదానంగా నమిలి, ప్లేటు కింద పెట్టాడు.

"ఉప్పు తగుల్తంది. ఇంకేటీ తగల్లేదు."

ఆ ముఖంలో నిరాశ చూసి నాకు బాధేసింది. అంతకాలం ఏదో గొప్ప సరుకు మోస్తున్నాననుకున్నాడేమో. అమ్మాయికి ఫోన్ చేశాను. "ముందు బాగా కరగనివ్వాలమ్మా. కత్తితో గాట్లు పెట్టాలి. ఏదైనా కారంగా సాస్ చేసి పట్టించు" అంది. ఏ సాస్ అని అడిగేలోగా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"టమాటాలున్నాయేటి?"

"నువ్వు కూకో బావా, నేను సేస్తాను."

"నువ్వు కూకో."

నేను కూర్చోలేదు, గుమ్మంలో నిలబడ్డాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బరువుగా ఉన్న అన్నం గిన్నె దింపబోతే మా అత్త ఆయన్ని తిట్టింది. "మగోడివి, నీకు వంటింట్లో ఏటి పని?" అని. ఆ తర్వాత ఆయన ఆ గడప దాటగా నేను చూడలేదు. డ్రైవర్లు దారిలో స్టౌ పెట్టి వండుకుంటారని తెలుసు. ఏదో ఉడకేసుకుంటారనే అనుకున్నాను.

ఆయన కత్తిపీట తీసుకోలేదు. టమాటా అరచేతిలో పెట్టుకుని, కత్తి తనవైపు తిప్పి, చేతిలోనే ముక్కలు చేశాడు. ఏ డబ్బా తీసినా వాడిన వెంటనే మూత పెట్టాడు. గిన్నె మీద కూడా మూత, గరిటె మీద కూడా ప్లేటు. గాలికి దుమ్మొచ్చే చోట వండిన మనిషని అప్పుడు అర్థమైంది. మోకాళ్ళ మీద వంగి మంట చూసుకుని, నాలుగు మెంతులు, సోంపు, జీలకర్ర వేశాడు. దంచిన వెల్లుల్లి, తుంపిన ఎండుమిరపకాయలు, టమాటాలు. అవి మెత్తబడ్డాక బెల్లం ముక్క, చింతపండు పులుసు. ఆ పైన ఇంకా కారం. ఘాటుకి నాకు దగ్గొచ్చింది.

"ఏటిది?"

"ఖట్టా. ఒడిశావోలు సేస్తారు. ఆలు తీపి ఎక్కువేస్తారు, నేను కారం ఎక్కువేస్తాను."

ఈలోగా కరిగిన మిగతా సాసేజీలని ఏటవాలుగా కోసి, కాస్త ఖట్టా పట్టించి మిషనులో పెట్టాడు. లోపలేం జరుగుతోందో కనబడకపోవడం ఆయనకి నచ్చలేదు. పదేపదే బుట్ట లాగి చూశాడు. అంచులు నల్లబడటం మొదలవగానే తీసి, మిగతా ఖట్టా అంతా పైన పోశాడు.

తిన్నాం. నేను అన్నంలో కూడా కలుపుకున్నాను. తీపి ముందొచ్చి, కారం వెనకాల నుంచి వచ్చి గొంతు పట్టుకుంది. బాగుందని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

"ఎవరు నేర్పినారు?"

"ఘాటీలో సుంకి ఊరు దాటాక ఒకసారి కొండరాళ్ళు పడి రోడ్డు మూసీసినారు. బళ్ళన్నీ ఆగిపోనాయి. ముందు బండోడు ఒడియా. ఆడి దగ్గర టమాటాలున్నాయి, నా దగ్గర బియ్యమున్నాయి. కలిపి వండినాం." అన్నం కలుపుకుంటూ అన్నాడు, "తరవాత అందరూ నా బండి కాడికే వచ్చీవోలు తిండానికి."

అందరూ. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఆయనకి ఇంకో వంటిల్లు ఉంది. అందులో ఆయన చేతి వంట తిని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నేను ఎన్నడూ చూడని మనుషులు. వాళ్ళ మీద నాకు కోపంలాంటిది వచ్చింది.

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"వంటే గదా. సెప్పడానికేటుంది?" అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "ఇంటికొచ్చి నేను వండితే, నీ వంట బాగులేదన్నాననుకుంటావని" అన్నాడు.

నిజమే, అనుకునేదాన్నే.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. వంటిల్లు ఇద్దరిదయ్యాక గొడవలొచ్చాయి. ఉప్పు డబ్బా ఆయన తన చేతికందే చోట పెడతాడు, నేను వెతుక్కుంటాను. గిన్నె తోమితే మసి వదిలేస్తాడు. సాసేజీలు తరచుగా తినొద్దని అమ్మాయి గట్టిగా చెప్పింది కాబట్టి అవి ఎప్పుడో గానీ తేము. మిషనులో వంకాయ ముక్కలో, చామదుంపలో వేసి, పైన ఆ ఖట్టా పోస్తాడు. వండినప్పుడల్లా ఒక ఊరి పేరు చెబుతాడు. నేను కుట్టుపని పక్కన పెట్టి వింటాను. కొరాపుట్‌లో పొద్దున్న పొగమంచుకి బండి అద్దంలోంచి రోడ్డు కనబడదట. ఆ సంగతి ఇన్నాళ్ళకి తెలిసింది నాకు.

మొన్న పక్కింటి పెద్దమ్మ పెరటి గోడ మీంచి తొంగి చూసింది. ఆయన పొయ్యి దగ్గర, నేను కుట్టుమిషను దగ్గర.

"ఏటే, మగోడి సేత వండిస్తన్నావు?"

"నేను వండించడం లేదు పెద్దమ్మా. ఆయనే వండుతన్నాడు."

పెద్దమ్మ కాసేపు వాసన పీల్చింది. లోపలికెళ్ళి చిన్న గిన్నె పట్టుకొచ్చి గోడ మీద పెట్టింది.

"కారం తక్కువున్నాదా?" అనడిగింది.

"లేదు" అన్నాడాయన లోపల్నుంచి.