వాకిలి మూయని చిలక

అత్త పోయిందన్న కబురు కార్తీకమాసం చివర్లో ఒక పొద్దున్న వచ్చింది. బొబ్బిలిలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. ఫోన్లో ఆవిడ కోడలు ఏడవలేదు. "అత్తమ్మ ఎల్లిపోనాదమ్మా. నిద్దట్లోనే. నొప్పేటీ పడలేదు," అంది. బయల్దేరి వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని చివరి గింజ దాకా ఏరాను. ఎందుకలా చేశానో తెలీదు. పప్పు డబ్బాలో పోసి, చేట గోడకు తగిలించాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. విజయనగరంలో మేము ఏళ్ళ తరబడి అద్దెకున్న సందులో పక్కింటావిడ. ఆ సందులో కోడళ్ళందరికీ ఆవిడ అత్తే. ఒకరి వంట ఇంకొకరికి వాసన తగిలేంత ఇరుకు సందు అది. ఆటో లోపలికొస్తే స్కూటర్లన్నీ గోడకు అంటుకుని నిలబడాలి. ఆ ఇరుకులో డిసెంబరు నెల వచ్చిందంటే అత్త వరండాలో ఒక అడవి పుట్టేది. అడవంటే ఒక్క కొమ్మే. సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చే ఆమెతో చెప్పి తెప్పించుకున్న సరుగుడు కొమ్మ, గోడలకేసే రంగుల ఖాళీ బకెట్లో ఇసక పోసి గుచ్చి నిలబెట్టేది. దాని నిండా వేలెడంత అల్లిక బొమ్మలు వేలాడేవి. గాలికి అవన్నీ ఒకేసారి తలలు తిప్పేవి. నాకిప్పటికీ కలల్లో ఆ కొమ్మ కనిపిస్తుంది. కలలో బొమ్మలు మాట్లాడతాయి, నాకు మాత్రం వినపడదు.

అత్త ఆస్పత్రిలో పురుళ్ళ వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. ఆ వార్డులో పెద్ద నర్సమ్మ ఒకావిడ క్రిస్మస్‌కి సరుగుడు కొమ్మ పెట్టేదట. దానికి వేలాడదీయడానికి దూది ఉండలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ నర్సమ్మ దగ్గరే అత్త క్రోషా అల్లిక నేర్చుకుంది. చలికాలంలో దూది ఉండలు బోసిగా ఉన్నాయి, చొక్కాలు తొడుగుదామని మొదలుపెట్టిందట. చొక్కాలకు చేతులొచ్చాయి, చేతులకు వేళ్ళొచ్చాయి. రిటైరయ్యాక కొమ్మ వార్డు గుమ్మంలోంచి అత్త వరండాలోకి వచ్చింది. పైడితల్లమ్మకు మొక్కే ఇంట్లో క్రిస్మస్ ఏమిటని సందులోకి కొత్తగా వచ్చిన వాళ్ళు అడిగేవారు. "ఎవుల పండగైతే ఏటి? పిల్లలకి సూడ్డానికి ఒకటుండాల," అనేది. అంతకంటే వివరం ఎవరికీ దొరకలేదు.

ఇలాంటి బొమ్మల్ని జపాన్ వాళ్ళు అమిగురుమి అంటారని నేనే ఒకసారి ఫోన్లో చూసి చెప్పాను. ఆ వీడియోలో అమ్మాయి తెల్ల ఎలుగుబంటిని అల్లుతోంది. అత్త కళ్ళజోడు సర్దుకుని పూర్తిగా చూసి, చెయ్యి బాగుంది గానీ దూది బాగోలేదని తేల్చేసింది. దూది విషయంలో ఆవిడకు ఎవరూ ఆనేవారు కారు. పుట్టిల్లు పొందూరు. వాళ్ళమ్మ నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముక, సన్నటి పళ్ళతో దువ్వెనలా ఉంటుంది, దానితో కొండపత్తిని దువ్వి దువ్వి మంచులా చేసేదట. ఆ ఎముకే అత్తకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. బజార్లో దొరికే ప్లాస్టిక్ దూది ఊపిరి తీసుకోదని ఆవిడ నమ్మకం. ఏటా పుట్టింటి వైపు నుంచి గింజతో ఉన్న పత్తి తెప్పించుకుని, ఒక్కొక్క గింజా చేత్తో తీసి, ఎముకతో దువ్వి, చీపురుపుల్లతో చిటికెడు చిటికెడుగా బొమ్మలోకి తోసేది. బొమ్మ పొట్ట కుక్కినట్టు ఉండకూడదు, పాలు తాగిన పిల్ల పొట్టలా ఉండాలి.

నాకూ నేర్పింది. నేను మొద్దు శిష్యురాలిని. మొదటి పదిహేను బొమ్మలూ వంకాయల్లా వచ్చాయి. వంకాయలే అల్లానని బొంకాను, ఒప్పుకుంది. అల్లిక మొదలుపెట్టే చిన్న దారపు సున్నాని ఆవిడ బొడ్డు అనేది. "బొమ్మకి ముందు బొడ్డు పుడతాది, తర్వాతే తల," అని పురుళ్ళ వార్డు ధోరణిలో చెప్పేది. చివర్లో దూది పెట్టడానికి వదిలే కన్నం వాకిలి. వాకిలి మూసే ముందు ఒకసారి లోపలికి చూడాలి. ఎందుకంటే మూశాక ఇక చూడలేం.

కొమ్మ మీద ఎలుగుబంట్లు, మంచు మనుషులు ఉండేవి కావు. కింద గింజ వేలాడే జీడిమామిడి పండు, నెత్తళ్ళ చేపల గుత్తి, పనసకాయ, మా బొబ్బిలి వీణ, చెవులు పెద్దవైపోయిన మేక. శాంతాక్లాజుని ఒక్కసారే ప్రయత్నించింది. గడ్డం అంతా అయ్యాక చూస్తే అచ్చం మా సందు చివర కరెంటాఫీసు మావలా ఉన్నాడు. ఆయన్ని అలాగే కొమ్మకు కట్టింది. ఆయన రోజూ వచ్చి తనను తాను చూసుకుని మురిసిపోయేవాడు.

ఒక ఆనవాయితీ ఉండేది. సందులో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి డిసెంబరుకి ఒక బొమ్మ. ఏ బొమ్మ కావాలో తల్లే చెప్పాలి. బొమ్మ మీద పేరు రాయదు, అయినా ఏది ఎవరిదో మరిచిపోయేది కాదు. పండగయ్యాక అన్నీ ఒక రేకుపెట్టెలోకి వెళ్ళిపోయి, మళ్ళీ డిసెంబరుకి బయటికొచ్చేవి. మీసాలొచ్చిన కుర్రాళ్ళు కూడా కొమ్మ ఉన్నన్నాళ్ళూ వరండా ముందు నుంచి పోతూ తమ మేక ఉందో లేదో ఓరకంట చూసుకునేవారు.

నా బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఎవరి తప్పూ లేదు. ఆస్పత్రి నుంచి ఖాళీ చేతులతో ఆ సందులోకి తిరిగి వచ్చాను. అందరూ మంచివాళ్ళే, అందుకే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నన్ను చూసి గొంతు తగ్గించేవారు. మా ఆయన ఊయల గొలుసులు అటక మీదికి ఎక్కించేశాడు. అక్కడ ఏదో జరిగిందన్న గుర్తు ఎక్కడా మిగలలేదు.

డిసెంబరు మొదట్లో అత్త మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆకుపచ్చ దారం ఉండ. "నీ పాపకి ఏటి అల్లమంతావు?" అని అడిగింది. అందరినీ అడిగినట్టే అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"లేని పిల్లకి బొమ్మేటత్తా?"

"లేదని ఎవులన్నారు? ఏడు నెలలు మోసినావు. నాను సూడలేదేటి?"

తలుపు ముఖం మీదే వేసేశాను. అంతటి మొరటు పని నా జన్మలో ఇంకోటి చేయలేదు. మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి తలుపు తీస్తే మా మెట్టు మీదే కూర్చుని ఉంది, ఆరు పోగులు కలిపి దారం పేనుకుంటూ. తలెత్తలేదు, మళ్ళీ అడగలేదు. నేను బకెట్టు కింద పెట్టి, చిలక అన్నాను.

ఆ సాయంత్రానికి చిలక తయారైంది. ఎర్ర ముక్కు, మెడలో సన్నటి గులాబీ గీత. పొట్టలో మాత్రం దూది లేదు. వాకిలి తెరిచే ఉంది, దారం కొస వేలాడుతోంది. "ఇది నాను మూయను. దూది పెట్టేదీ నువ్వే, మూసేదీ నువ్వే. కంగారు నేదు," అంది. నా వల్ల కాలేదు. మూస్తే అయిపోయినట్టు అనిపించింది. ఆ ఏడు చిలక ఖాళీ పొట్టతోనే, పల్చగా, గాలికి ఆకులా ఎగురుతూ కొమ్మ ముందు వరసలో వేలాడింది. దానికి పొట్ట ఎందుకు లేదని పిల్లలడిగితే, అత్త వాళ్ళతో దానికింకా ఆకలెయ్యలేదని చెప్పింది. మొదటిసారి ఎవరో నా బిడ్డ గురించి నలుగురి ముందూ మాట్లాడినట్టనిపించింది. నేను ఆ మాటతోనే బతికానంటే మీరు నమ్మాలి.

ఆ మరుసటేడు తుపాను వచ్చింది. అత్త ఇంటి రేకులు రెండు ఎగిరిపోయాయి. వారం పాటు కరెంటు లేదు. ఇల్లు సర్దుకునే హడావిడిలో రేకుపెట్టె సంగతి ఎవరికీ గుర్తు లేదు. తొమ్మిదో పదో రోజున మూత తీశాం. అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. బొమ్మలు మొలకెత్తాయి.

తమాషాకి అనడం లేదు. అత్తకు అప్పటికే కళ్ళలో పొర. ఆపరేషనుకి ససేమిరా అంది, గింజ తీసిన దూది కొనుక్కోవడానికి అంతకంటే ససేమిరా. తన వేళ్ళకు కళ్ళున్నాయని చెప్పుకునేది. ఆ వేళ్ళు వదిలేసిన పత్తిగింజలు తడి తగిలి, అల్లిక కుట్ల మధ్య నుంచి దారి వెతుక్కుని బయటికొచ్చాయి. మేక చెవిలోంచి ఒకటి, పనసకాయ నెత్తిన రెండు, కరెంటాఫీసు మావ గడ్డంలో ఒకటి. చీకట్లో పుట్టినవి కాబట్టి పాలిపోయిన పసుపు రంగులో, మెడలు సాచి ఉన్నాయి. వాన వెలిసిన ఎండలో వరండా గట్టు మీద వరసగా పెట్టాం. రెండు రోజులకు ఆకుపచ్చగా తిరిగాయి. సందంతా చూడ్డానికి వచ్చింది. పొందూరులో పుట్టి గింజ వదిలేశానని మొదట సిగ్గుపడ్డ అత్త, పిల్లల కేరింతలు చూసి తనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

నేను నవ్వలేకపోయాను. నా చిలక అట్టడుగున తడిసి, అణిగిపోయి, అలాగే ఉంది. లోపల ఏమీ లేదు కాబట్టి ఏమీ మొలవలేదు. దాన్ని పిండి దండెం మీద ఆరేశాను. అత్త నా పక్కన వచ్చి నిలబడింది. "వాకిలి తీసే ఉన్నాది కదే, దూది ఎప్పుడైనా లోపలికి ఎల్లొచ్చు," అని మాత్రం అంది.

మొలకల్లో ఒకటి బతికింది. మేక చెవిలోది. దాన్ని కొమ్మ పెట్టే రంగుల బకెట్లోనే మట్టి నింపి నాటాం. సరుగుడు కొమ్మకు కొత్త బకెట్టు వచ్చింది. పత్తి మొక్క నా నడుము దాకా ఎదిగింది. పసుపు పూలు పూసి, కాయలు పగిలి, గుప్పెడు గుప్పెడుగా దూది ఇచ్చేది. ఆ తర్వాత పుట్టిన పిల్లల బొమ్మలన్నిటిలోనూ ఉన్నది ఆ మొక్క దూదే.

మా ఆయనకు బొబ్బిలి బదిలీ అయ్యాక కూడా డిసెంబరు వస్తే నేను బస్సెక్కేదాన్ని. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆ సంగతి అత్త ఎన్నడూ కదపలేదు. చిలకను మాత్రం ఏటా నా చేతికే ఇచ్చి కట్టమనేది. నేను అలాగే, ఖాళీగానే కట్టేదాన్ని. పోయిన డిసెంబరులో ఆవిడ చేతులు వణికి దారపు సున్నా నిలవలేదు. నేను బొడ్డు వేసి ఇస్తే, ఆవిడ దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు అలా కూర్చుంది. నేను తిరిగి వెళ్ళేటప్పుడు ఒక బిస్కెట్ డబ్బా నా చేతిలో పెట్టింది. మొక్క దూది. "గింజ తియ్యలేదు," అంది. మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మర్సిపోనేదు. అలగే ఉంచినాను," అంది.

పదకొండోరోజుకి మళ్ళీ వెళ్ళినప్పుడు కోడలు రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. సందులో పిల్లలు అప్పుడే అడుగుతున్నారట, ఈ ఏడు కొమ్మ ఉంటుందా అని. తనకు అల్లిక రాదు, ఏ బొమ్మ ఎవరిదో తెలీదు. నాకు తెలుసన్నాను. నాకు తెలుసని ఆ క్షణం దాకా నాకే తెలీదు. చిలకను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

డబ్బా తెరిచాను. చేప ఎముక అత్త కోడలి దగ్గరే ఉంది కాబట్టి వేళ్ళతోనే దువ్వాను. చిటికెడు, మరో చిటికెడు. నల్లటి గింజ ఒకటి దూదిలో వేలికి తగిలింది. తీయలేదు. పొట్ట పాలు తాగిన పిల్ల పొట్టలా వచ్చింది. వాకిలి మూసే ముందు ఒకసారి లోపలికి చూశాను. ఆ పిల్లకు మేము లోలోపల అనుకున్న పేరు ఒకటి ఉంది. ఎప్పుడూ పైకి అనలేదు. ఆ కన్నం దగ్గర నోరు పెట్టి అన్నాను. దారం లాగి ముడి వేశాను.

ఇప్పుడు ఇది అత్త వరండాలో కూర్చుని రాస్తున్నాను. సరుగుడు కొమ్మ నిలబెట్టాం, నా చిలకను ముందు వరసలో కట్టాను. చేపలామె ఈసారి అడగకుండానే తెచ్చి ఇచ్చింది. బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం అంటున్నారు, పొద్దున్నుంచీ సన్నగా జల్లు, గాలికి వరండా లోపలికి కొడుతోంది. కోడలూ నేనూ బొమ్మల్ని విప్పి లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టాం. మేక, వీణ, జీడిమామిడి పండు, కరెంటాఫీసు మావ. "సిలకొక్కటీ ఉండిపోనాది, తడిసిపోతాది," అని కోడలు మళ్ళీ గుమ్మం వైపు కదిలింది.

ఉండనీయమన్నాను.