క్రేతు మీద మబ్బులు

కైరో నుంచి రోమ్‌కు విమానంలో మూడున్నర గంటలు. దూరం రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్‌లో చూసి చెబితే మా అత్తగారు ఒక పట్టాన నమ్మలేదు. బైబిల్లో ఖైదీగా రోమ్‌కు వెళ్లిన అపొస్తలుడికి ఆ సముద్రం మీద నెలలు పట్టింది, దారిలో ఓడ కూడా బద్దలైంది. రాజోలు దగ్గర మా సంఘంలో ఆదివారం బడి పిల్లలకు ఆవిడ ఆ దారంతా చార్టు మీద గీసి చెప్పేవారు. ముందు క్రేతు దీవి, అక్కడ పెనుగాలి, ఆ తర్వాత అంతా నీళ్లే.

"అయితే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటడానికి పంటు కోసం కూర్చునే టైములో రోమా వెళ్లిపోతాం," అన్నారు.

కాళ్లనొప్పుల మనిషి కదా అని, సంఘం వాళ్లు వెళ్లే యాత్రకు ఆవిడకు తోడుగా కోడలైన నన్ను ఇంట్లోవాళ్లు పంపారు. యెరూషలేము మెట్ల నుంచి కైరో హోటల్ దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది నేనే. ప్రతి రాయి దగ్గరా ఆగి నాకు పాఠం చెప్పేవారు. నాకూ భక్తి ఉంది గానీ, యాత్ర చివరికొచ్చేసరికి ఓపిక అడుగంటింది. విమానం ఎక్కగానే ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, క్రేతు వస్తే లేపమని, ఒక్కసారి పైనుంచి కళ్లారా చూస్తానని చెప్పి నిద్రపోయారు.

వచ్చింది. ముందు సీటు తెర మీద మ్యాపులోనూ వచ్చింది, కిటికీలోనూ వచ్చింది. ఎండలో పొడుగ్గా, గోధుమరంగు కొండలతో. ఆవిడ మీదుగా వంగి తనివితీరా చూశాను. లేపుదామని చెయ్యి కూడా చాపాను. లేపితే రోమ్ దాకా పాఠమే. ఒక్క గంట ఎవరి మాటా వినకుండా కూర్చోవాలనిపించింది. కిటికీ రెక్క కిందికి లాగేశాను.

దిగబోయే ముందు లేచి, క్రేతు దాటేసేమా అని అడిగారు.

"ఆయ్, అంతా మబ్బులేనండీ. ఏమీ కనపడలేదు," అన్నాను.

పోన్లే అన్నారు. అంతటితో పోయిందనుకున్నాను.

ఊరొచ్చాక స్త్రీల కూటంలో యాత్ర సాక్ష్యాలు చెప్పించారు. విమానంలో మా వెనక సీట్లో కూర్చున్నావిడ లేచి, క్రేతు దీవి ఎంత స్పష్టంగా కనపడిందో చెప్పి దేవుణ్ణి స్తుతించింది. అత్తగారు నిలదీస్తే ఏం చెప్పాలో గబగబా అల్లుకున్నాను కూడా. ఆవిడ నా వైపైనా చూడలేదు. ఆటోలో ఇంటికొస్తూ నెమ్మదిగా అన్నారు.

"అందరికీ కనపడిందంటమ్మా. నాకే మబ్బు అడ్డొచ్చింది. ఏదో తప్పు చేసే ఉంటాను."

నన్ను అనుమానించి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. ఆ వారమంతా ఆవిడ ఎవరి మనసు కష్టపెట్టానా అని వెతుక్కున్నారు. ఎప్పుడో ఆదివారం బడిలో తాను చెవి మెలిపెట్టిన పిల్ల ఇప్పుడు పిల్లల తల్లి. వాళ్లింటికి కుంటుకుంటూ వెళ్లి క్షమించమని అడిగొచ్చారు. ఆ అమ్మాయికి ఆ సంగతే గుర్తు లేదట.

ఆదివారం ఆరాధనలో రొట్టె పళ్లెం వరసలో మా దాకా వచ్చింది. నేనెరిగి ఆవిడ ఆ ప్రభువు బల్ల రొట్టె మానింది లేదు. తప్పు ఒప్పుకోకుండా అది తినకూడదని ఆదివారం బడిలో నేర్పిందీ ఆవిడే. పళ్లెం అందుకుని, ముక్క తుంచకుండా నా చేతికిచ్చారు.

"నేను తగనమ్మా. నువ్వు తీసుకో," అన్నారు.

వరసలో అందరూ మా వైపే చూస్తున్నారు. నేను తీసుకున్నాను.