చిన్నమ్మ కారూ, నేను తెచ్చిన బ్యాటరీ

మొన్న పొద్దున కారు లేవక విసిగిపోయిన మనవరాలు, "అమ్మమ్మా, బ్యాటరీ పోయినట్టుంది" అంటే నేను లేచి అలమరాలో టార్చిలైటు కోసం వెతకబోయాను. నా ఈడువాళ్ళకు ఎందుకో చెప్పనక్కర్లేదు. మన ఇళ్ళలో టార్చినే కదా బ్యాటరీ అనేవాళ్ళం!

పోలీసు యాక్షన్ అయిన రెండు మూడేళ్ళకు, బళ్ళో కొత్తగా ఉద్యోగం దొరికి నాంపల్లిలో చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. డాక్టరైన చిన్నమ్మ ఆబిడ్స్‌లో కాన్పుల దవాఖాన నడిపేది, పాత నల్ల కారును తనే నడుపుకునేది. ఆ కారు ఒకరోజు స్టార్టర్ నొక్కగానే లేచేది, ఇంకోరోజు గుర్రుమని ఊరుకునేది. ఇంటికి పెద్ద అయిన చిన్నాయన అన్నగారు, "ఆడోళ్ళకు కారెందుకమ్మా, ఇంకొక్కపారి ఆగిందంటె అమ్ముడే" అని తేల్చేశారు. కారు పోతే నొప్పులు పడుతున్న మనిషి దగ్గరకు వేళకు చేరేదెట్లా అన్నది ఆయనకు పట్టలేదు. చిన్నమ్మ మొండిఘటం. ప్లగ్గులు తుడిపించింది, పెట్రోలు గొట్టం కడిగించింది. తీరా మొజంజాహీ మార్కెట్ దగ్గరి మిస్త్రీ ముందుకు నడుపుకుపోతే, ఆ మాయదారి కారు ఏ రోగమూ లేనట్టు ఒక్క నొక్కుకే లేచేది!

ఒకనాడు తెల్లవారుతూనే కాన్పు కబురొచ్చింది, కారు లేవలేదు. పెద్దాయన వరండాలోకి వచ్చి నిలబడ్డారు. చిన్నమ్మ బానెట్ ఎత్తి "బ్యాటరీ చూడవే" అని కేకేస్తే, నేను లోపలికి ఉరికి టార్చి తెచ్చి వెలిగించాను. పాత సెల్లులేమో, భగ్గున వెలిగి అంతలోనే గుడ్డిదైంది.

"ఓసి పిచ్చిదానా, కారు బ్యాటరీ అన్ననే!" అని నవ్వబోయి ఆగిపోయింది. "ఆగు. దీంట్ల సత్తువ నిలుస్తలేదు. కారుల గూడ గంతేనేమో! మార్కెట్ దాంక ఉరికితె నిండుతది, రాత్రంత నిలబడితె దిగిపోతది."

కారు దీపాలు వేసి నన్ను ముందు నిలబెట్టి స్టార్టర్ నొక్కింది. దీపాలు కొడిగట్టినట్టు ముడుచుకుపోయాయి. "దొరికినవ్!" అంటూ చిన్నమ్మ కొంగు దోపి, ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు తీసి కారు ముందు దూర్చి, పెద్దాయన కళ్ళముందే పళ్ళు బిగించి తిప్పితే ఇంజను అందుకుంది. వేళకు చేరాం, తల్లీ బిడ్డా దక్కారు.

సాయంత్రం కొత్త బ్యాటరీ వేయించింది, కారు మళ్ళీ మొరాయించలేదు. అమ్మే మాట పెద్దాయన ఎత్తనే లేదు. మరుసటేడు ఆయన కూతురికి నొప్పులొస్తే, చెప్పులైనా వేసుకోకుండా వచ్చి "జర కారు తియ్యి తల్లీ" అన్నారు. అది విని నాకు కడుపు నిండిపోయింది.

ఇప్పుడు ఫోను చేస్తే మనిషి వస్తాడు, కాసేపట్లో కొత్తది బిగించి పోతాడు. ఆడపిల్లకు కారెందుకని మా మనవరాలిని ఎవరూ అడగరు, అందుకు సంతోషమే. కాని మొన్న నేను టార్చి చేత పట్టుకుని వస్తే అదెందుకో ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు. "ఓసి పిచ్చిదానా" అని నవ్వడానికి చిన్నమ్మ లేదు కదా!