సంగతేటి?

చీపురుపల్లిలో ఒక బట్టల కొట్టులో నేను చాలా ఏళ్లు చీరలు అమ్మాను. అమ్మడమంటే మాట్లాడడమే. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నా నోరు ఊరుకునేది కాదు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. తలలో మాటలన్నీ ఉన్నాయని, నాలుకే వాటిని పలకలేకపోతోందని డాక్టరు చెప్పాడు. నా భార్య అంతకుముందే పోయింది. పిల్లలు లేరు. గరివిడి దగ్గర మా ఊళ్లో తమ్ముడి ఇంటికి చేరాను.

మాట నేర్పించడానికి తమ్ముడు నన్ను విజయనగరం తీసుకెళ్లేవాడు. అక్కడ నేర్పే అమ్మాయి మా వైపు పిల్లే. మొదట్లో అన్నీ ఒకేసారి పలకాలని చూసి, ఏదీ రాక ఏడ్చేసేవాడిని. ఒకరోజు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మావయ్యా, అన్ని మాటలూ ఓపాలే వొద్దు. రోజు గడవడానికి ఏ మాటలు ఎక్కువ కావాలో అవే పట్టు. మిగతావి తర్వాత సూద్దాం."

నీళ్లు, అన్నం, చాలు, వద్దు, నొప్పి. ఇవే పట్టాను. పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుని అవే అనుకునేవాడిని. వానలు మొదలయ్యేసరికి అన్నీ పలికాయి. ఆమె చెప్పింది నిజమే, ఆ కాసిని మాటలతోనే రోజంతా నడిచిపోయేది. మరదలు వీధిలో వాళ్లతో "మా బావకి మాటొచ్చేసింది" అని సంబరంగా చెప్పుకుంది. విజయనగరం వెళ్లడం మానేశాం.

ఒంటరితనం అప్పుడు మొదలైంది. నీళ్లు అంటే నీళ్లు వచ్చేవి, తెచ్చినవాళ్లు వెళ్లిపోయేవారు. తమ్ముడు పొలం నుంచి వచ్చి "ఏటైనా కావాలా అన్నా?" అనేవాడు. "వద్దు" అనేవాడిని. ఆ పూటకి మా మాటలు అంతే. కొట్టులో నాతో పనిచేసినాయన ఒకసారి చూడడానికి వచ్చాడు. నాకు చెవుడు వచ్చినట్టు గట్టిగా పలకరించి, కాసేపు ఫోను చూసుకుని, టీ తాగి లేచాడు. మళ్లీ రాలేదు.

అరుగు మీద కూర్చుని కొట్టు రోజులు తలుచుకునేవాడిని. ఆలోచిస్తే, నాకన్నా ఎక్కువ మాట్లాడింది చీరలు కొనడానికి వచ్చినవాళ్లే. "సంగతేటి?" అని నేను అడిగితే చాలు, పెళ్లి ఎవరిది, వియ్యపురాలు ఎలాంటిది, అన్నీ వాళ్లే చెప్పేవారు. ఆ ఒక్కటీ పలికితే బాగుండుననిపించింది.

మళ్లీ గోడవైపు తిరిగి కూర్చున్నాను. ముందు "ఏటి" వచ్చింది. మరదలితో "ఏటి?" అని చూశాను.

"ఏటి కావాలి బావా? నీళ్లా?" అని గ్లాసు తెచ్చి పెట్టింది. సిగ్గేసి తాగేశాను.

పెసలు తీసే రోజులకు మొత్తం మాట పలికింది. మధ్యాహ్నం మరదలు నా కంచం తీస్తుంటే అడిగాను.

"ఏటన్నావు బావా?"

"సం...గతేటి?" వేలు ఆమె వైపు చూపించాను.

"నా సంగతా?" ఆమె కంచం పక్కన పెట్టి గడప మీద కూలబడింది. "నా సంగతి ఎవులడుగుతారు బావా? మోకాళ్లు పట్టేస్తన్నాయి. అమ్మ కోటబొమ్మాలిలో ఒక్కర్తే ఉన్నాది. ఎల్దామంటే పనులు తెమలవు." ఇంకా చాలా చెప్పింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది.

వెళ్లి నాలుగు రోజులు ఉండి రా అమ్మా, నా పని నేను చూసుకుంటాను అని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను, రాలేదు. ఆమె కాసేపు నా ముఖం చూసి, కంచం తీసుకుని లేచింది.

ఇప్పుడు ఎడమ చేత్తో రాయడం కొద్దికొద్దిగా వస్తోంది. ఆ రోజు చెప్పలేనిది మొన్న రాసి ఇచ్చాను. తమ్ముడు చదివి వినిపించాడు. ఆమె నిన్న పొద్దున పాసింజరు ఎక్కింది.

తమ్ముడు పొలంలో ఉన్నాడు. నేను అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లను అడుగుతున్నాను. కొందరు "బాగున్నాం" అంటూ వెళ్లిపోతారు. కొందరు నిలబడి చెబుతారు. తిరిగి నా సంగతి మాత్రం ఎవరూ అడగరు. అడిగితే నేను చెప్పలేక ఇబ్బంది పడతానని వాళ్లకు తెలుసు.