గుంటూరులో పెరుగుతున్న బొడ్డుతాడు

బొడ్డుతాడు బతికే ఉందన్న కబురు మాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు కూతురు. ఆమె గుంటూరులో ఒక ల్యాబులో పరిశోధన చేస్తోంది. మా కోడలు నరసరావుపేటలో ప్రసవించిన రోజు, ఎలాగూ పారేసేదే కదా అని అడిగి, కోడలు సరేనన్నాక, నా మనవరాలి బొడ్డుతాడును ఐసు డబ్బాలో పెట్టుకుని వెళ్లింది. వియ్యపురాలికి మోకాలి ఆపరేషను కావడంతో పురుడు మా ఇంట్లోనే. ఆ భాగ్యానికి కోటప్పకొండ స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పురుటి మైల తీరేదాకా దీపం పెట్టకూడదు మరి.

పదకొండో రోజు స్నానాలకు నీళ్లు కాగుతుండగా ఆ పిల్ల ఫోన్ చేసింది. మా అత్తగారు స్పీకరు పెట్టమన్నారు.

"అమ్మమ్మా, పాప తాడులోంచి తీసిన కణాలు చానా బాగా పెరుగుతున్నయ్."

"కోసి పారేసింది పెరగటమేందే?"

"రక్తనాళం లోపల పొర ఉంటది గదా, అది. గిన్నెల్లో బతికించాం. ఒకదాంట్లో ఆడ హార్మోను వేశాం, ఒకదాంట్లో మగ హార్మోను. దేనికి ఎట్టా పెరుగుతయ్యో చూస్తున్నాం. ఆడదాంట్లో జోరుగా ఉన్నయ్."

"అంటే ఇంకా పాణం ఉంది."

"ఉంది అమ్మమ్మా."

అత్తగారు పొయ్యి ఆర్పేశారు. "తాడు ఇంకా పెరుగుతా ఉంటే పురుడెట్టా తీరుద్ది? ఆ నీళ్లు దించు."

నాది మా నాన్న ఇంట్లో చెప్పిన చదువే. అయినా ఆ పిల్ల విసుక్కోకుండా నాకు వివరించింది. ముట్లుడిగేదాకా ఆడవాళ్లకు గుండెజబ్బులు తక్కువట. ఆ హార్మోను రక్తనాళాల పొరకు చేసే మేలు అందుకొక కారణం కావచ్చట. ఇన్నేళ్లు నన్ను కాసిన ఆ హార్మోనుకూ ఒక దీపం పెట్టాలనిపించింది. కానీ పురుడు.

అత్తగారు రోజూ పొద్దున్నే ఫోను చేయించేవారు.

"చచ్చినయ్యా?"

"లేదమ్మమ్మా. గిన్నె నిండితే రెండిట్లోకి పంచాం."

అత్తగారు మా ఆయన వైపు తిరిగారు. "ఒరేయ్, వేరు కాపరాలు కూడా పెట్టినయ్యంట."

నాకు దిగులు పట్టుకుంది. దేవుడి గది తలుపు మూసే ఉంది. దీపం వెలగాలంటే ఆ కణాలు చావాలి. చావాలని కోరుకోలేను, పాపవి కదా. బాగుండాలని మొక్కుకుందామంటే దీపం లేదు. చివరికి ఆ పిల్లకే ఫోన్ చేసి చెప్పుకున్నాను.

ఆదివారం బస్సెక్కి వచ్చేసింది. వాకిట్లో అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"పెళ్లై వెళ్లిన పిల్ల బిడ్డను కంటే పూర్తి పురుడు ఎవరికి అమ్మమ్మా?"

"అత్తింటోళ్లకి."

"అట్టయితే ఆ తాడును మాకిచ్చెయ్. మా గోత్రం వేరు గదా. అది బతికున్నన్నాళ్లు పురుడు నేను పడతా."

అత్తగారు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నారు. "ఆడ గిన్నెను ఇయ్యొచ్చు. మగ హార్మోనుదాన్ని అత్తింటికి ఎట్టా పంపిస్తామే?"

"దాన్ని దత్తత ఇచ్చావనుకో."

ఆ మాట నచ్చింది. అత్తగారు లేచి పసుపు కుంకుమ, రవికగుడ్డ ఆ పిల్ల ఒళ్లో పెట్టి, "రెంటినీ ఒకటిగా చూసుకో" అన్నారు. మర్నాడు స్నానాలయ్యాయి. దేవుడి గది తలుపు తీసి వత్తి వెలిగించాను.

శివరాత్రి వెళ్లాక పాపను కోటప్పకొండకు తీసుకెళ్లాం. ఆ పిల్లా వచ్చింది గాని కింద మెట్ల దగ్గరే మా చెప్పులకు కాపలాగా కూర్చుంది.

"అమ్మమ్మ ఇంట్లో ఉంది గదే, ఎవరు చూడొచ్చారు? రా" అన్నాను.

"మాటిచ్చాను గదత్తా. మొన్ననే మళ్లీ గిన్నెలు మార్చాం."

నవ్వి ఊరుకోగల చదువు ఆమెది. ఊరుకోలేదు. పైన స్వామి ముందు మా అందరి పేర్లూ చెప్పి, ఆమె పేరు రెండుసార్లు చెప్పాను. ఇది చదివినవారు సాయంత్రం దీపం పెట్టుకునేటప్పుడు ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి. ఆమె హాస్టలు గదిలో ఇంకా దీపం పెట్టడం లేదు.